బావి తోడిన చేతులు

ఇది నేను ఏళ్ల తరబడి మోస్తున్న బరువు. ఎవరికీ చెప్పలేదు అని రాయబోయి ఆగాను. అది నిజం కాదు. చాలామందికి చెప్పాను. సభల్లో చెప్పాను, మైకు ముందు చెప్పాను, చెప్పి దండలు వేయించుకున్నాను. కాకపోతే చెప్పిన ప్రతిసారీ నాకు సరిపోయేలా కత్తిరించి చెప్పాను. కత్తిరించి పారేసిన ముక్క నా దగ్గరే ఉండిపోయింది. అన్నం ముందు కూర్చున్నప్పుడు అది గుర్తొస్తుంది. ఎవరైనా నన్ను పొగుడుతున్నప్పుడు ఇంకా ఎక్కువగా గుర్తొస్తుంది.

నా పేరు రాయను. రాస్తే మా జిల్లాలో కొందరు గుర్తుపడతారు. కాటికి కాళ్లు చాపుకున్నాక ఇంకా పరువేమిటని మీరు అడగవచ్చు. అడగండి. అయినా రాయను.

నిజాం రాజ్యం ఇంకా నడుస్తున్న రోజులవి. పెద్ద యుద్ధం అయిపోయింది గానీ కంట్రోలు బియ్యం తిప్పలు అయిపోలేదు. మా నల్లగొండకు అప్పటికి కాలేజీ లేదు. పెద్ద బడిలో మెట్రిక్ చదివేవాళ్లమే మాకు మేము కాలేజీవాళ్లమనుకుని తిరిగేవాళ్లం. మెడదాకా షేర్వాణీ గుండీలు పెట్టుకుని బడికి పోవడం, సాయంత్రం అవే గుండీలు విప్పుకుని మైదానానికి పోవడం. లెక్కలు ఉర్దూలో, చరిత్ర ఉర్దూలో, దెబ్బలు తిన్నాక ఏడుపు మాత్రం తెలుగులో.

శుక్రవారం సెలవు. ఆ రోజు పానగల్ దాకా నడిచిపోయేవాళ్లం. పాత గుడి రాళ్ల మీద వెల్లకిలా పడుకుని లేనిపోని గొప్పలు చెప్పుకునేవాళ్లం. దారిలో ఏ మోటబావి కనబడితే అందులో దూకేవాళ్లం. తిరిగి వచ్చేటప్పుడు హోటల్లో ఒక చాయ్ చెప్పి రెండు సాసర్లలో పోసుకుని, దాని మీద గంటసేపు కూర్చునేవాళ్లం. హోటలాయన చూసి చూసి, "ఇగ లేవుండ్రి కొడుకా, బల్లకు వేర్లొస్తయి" అనేవాడు. ఎండాకాలం డేరా టాకీసు వచ్చేది. కానీ అన్నిటికంటే మాకు ఫుట్‌బాల్ పిచ్చి. బూట్లు ఎవరికీ లేవు. ఉత్త కాళ్లతోనే ఆడేవాళ్లం. నేను గోలు కాసేవాణ్ణి. నాకు పరుగెత్తడం చేతకాదని అక్కడ నిలబెట్టారు.

పరుగెత్తేవాడు దేవదానం.

మా ఊరు దేవరకొండ దిక్కు. మాది కాపుల ఇల్లు, తిండికి లోటు లేని సేద్యం. దేవదానం మా పక్క ఊరి మాదిగవాడలో పుట్టాడు. వాళ్ల నాయిన ఒక దొర దగ్గర జీతం ఉండేవాడు. ఇంటిల్లిపాదీ క్రైస్తవంలో కలిశారు. మిషన్ బడివాళ్లు దేవదానాన్ని తమ హాస్టల్లో పెట్టుకుని చదివించారు. అక్కడి తరగతులు అయిపోయాక అతను పెద్ద బడికి వచ్చాడు. బడిలో చేర్చుకున్నారు. ఉండడానికి జాగానే దొరకలేదు. ఆ పట్నంలో వాళ్లకు గది కిరాయికి ఎవరిస్తారు?

నేను అప్పటికే నర్సవ్వ ఇంట్లో వెనక గదిలో ఉంటున్నాను. నర్సవ్వ మా కులపామె, విధవ, పిల్లల్లేరు. వాకిట్లో ఒక చేదబావి, రెండు జామచెట్లు, ఒక బర్రె. ఒక్కణ్ణే ఆ గదిలో ఉండి విసుగొచ్చి, దేవదానం నా గదికే వస్తే బాగుంటుందని నాకు తోచింది. లెక్కల్లో అతను నాకంటే చాలా ముందున్నాడు. ఆ మాట కూడా ఒప్పుకోవాలి. నా మనసులో స్నేహం ఎంత, లెక్కలెంత, ఇప్పుడు విడదీయలేను.

ఉపాయం నాదే. బడిలోనూ బయటా పేరు సగం తెంపి దేవయ్య అని చెబుదాం, మనోళ్లే అని నేనంటాను, అవ్వ నన్ను నమ్ముతుంది. "తెలిస్తె ఎట్ల?" అన్నాడు అతను.

"నేనున్న గదా" అన్నాను.

ఆ మాట ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పటికీ గుర్తుంది. నోట్లో జామకాయ నములుతూ అన్నాను.

ఆ ఏడాది బాగా గడిచింది. నిజంగానే బాగా గడిచింది, అందుకే చెప్పడం కష్టంగా ఉంది. అవ్వకు నాకంటే అతనే ఇష్టమయ్యాడు. ఆమెకు నడుం నొప్పి, పొద్దున్నే ఆమె నీళ్ల గాబు నింపేది అతనే. అన్నం ముందు కూర్చుంటే కళ్లు మూసుకుని లోపల ప్రార్థన చేసుకునేవాడు. అవ్వకు అది చూస్తే ఎంత మురిపెమో. "నీకు కూడు కనవడితె దేవుడు యాదికే రాడు. గా పిల్లగాన్ని జూడు, కండ్లు మూసి దండం వెట్టనిది ముద్ద ముట్టడు" అని నన్ను దెప్పేది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూడకుండా తినేవాళ్లం. చూస్తే నవ్వొచ్చేది.

గదిలో అతను నన్ను "నువ్వు" అనేవాడు. సెలవులకు ఇంటికి పోతే దేవరకొండ దాటి మా ఊళ్ల దారి పట్టాక రెండడుగులు వెనక్కి జరిగేవాడు, "పటేలా" అనేవాడు. ఎక్కడ జరగాలో నేను చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు. అలాగే పానగల్ గుడి లోపలికి అతను ఎప్పుడూ రాలేదు. కాళ్లు నొస్తున్నాయని బయట కూర్చునేవాడు. మా అందరిలో వేగంగా పరుగెత్తేవాడికి కాళ్లు నొయ్యడమేమిటని ఎవరూ అడగలేదు. నాకు తెలుసు కనుక నేనూ అడగలేదు.

చదివేటప్పుడు అతనికొక అలవాటు. ఉర్దూలో బట్టీ పడుతూ తన రేకు పెట్టె మూత మీద వేళ్లతో దరువు వేసేవాడు. ఒకటే దరువు కాదు, పాఠానికొక తీరు. ఎక్కడ నేర్చావంటే, వాళ్ల తాత డప్పు కొట్టేవాడని, నడక రాకముందే తనకు దరువు వచ్చిందని చెప్పాడు. ఆ సంగతి ఆ పట్నంలో నాకొక్కడికే తెలుసు.

మెట్రిక్ పరీక్షలు దగ్గరపడ్డ రోజుల్లో పాలమూరు బడివాళ్లు మాతో ఆడడానికి వచ్చారు. పట్నమంతా మైదానంలోనే ఉంది. నేను ఒక గోలు వదిలేశాను. బంతి నా కాళ్ల సందులోంచే పోయింది. జనం నవ్వారు. ఆఖరికి ఇరుపక్షాలూ సమానంగా ఉన్నప్పుడు దేవదానం ఆ కొసనుంచి ఈ కొసకు బంతి తీసుకుపోయి కొట్టాడు. గెలిచాం. అతన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. డప్పులవాళ్లు ముందు నడిచారు. మైదానం నుంచి బజారు దాకా ఊరేగింపు.

బజారు మొగదల డప్పులవాళ్లలో పెద్దాయన భుజం నొస్తోందని డప్పు దించాడు. ఎవరో ఆ డప్పు తీసుకుని దేవదానం చేతికిచ్చారు. అతను రెండుసార్లు వద్దన్నాడు. జనం వదల్లేదు. అప్పుడు అతను భుజాల మీది నుంచి దిగి డప్పు తీసుకున్నాడు. తీసుకుని ఊరికే కొడితే ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు, పిల్లచేష్ట అనుకునేవారు. కానీ అతను ముందు నాలుగు గడ్డిపోచలు అంటించి, ఆ సెగ మీద తోలు కాచాడు. వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ కాచాడు. డప్పును ఎడమ భుజానికి వేసుకుని, చిర్ర అనే లావు కర్ర కుడిచేత, సన్నటి సిటికెన పుల్ల ఎడమచేత పట్టుకున్నాడు. అప్పుడు కొట్టాడు.

ఆ దరువు ఎలా ఉందో నేను రాయలేను. తక్కిన డప్పులవాళ్లు ఒక్క క్షణం ఆగి, నవ్వి, అతని వెనక వరసలో చేరారు. వాళ్లతో కలిసి అతను అడుగు వేశాడు. రోజూ షేర్వాణీలో బడికి పోతూ, మెట్రిక్ చదువుతూ, ఏడాదిగా నోటికి తాళం వేసుకున్నవాడు, ఆ కాసేపు తన ఇంట్లో ఉన్నట్టు ఉన్నాడు.

ఒక దుకాణం అరుగు మీద నర్సవ్వ మరిది రంగయ్య నిలబడి ఉన్నాడు. ఆయన నవ్వడం లేదు. దేవదానం చేతుల వంక చూస్తున్నాడు. దిగివచ్చి డప్పు దించిన పెద్దాయనను, "గా పిలగాడు ఎవలు?" అని అడిగాడు. పాపం పెద్దాయనకు ఏం తెలుసు? గర్వంగా, "ఎవలైతేంది పటేలా, గది మా చెయ్యి. మా పిలగాడే అయితడు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. విన్నాను.

మర్నాడు పొద్దున రంగయ్య మరో ఇద్దరు పెద్దమనుషులతో వచ్చాడు. దేవదానం గాబులో నీళ్లు పోస్తున్నాడు. బొక్కెన ఇంకా చేతిలోనే ఉంది. "ఎవని కొడుకువురా నువ్వు?" అని రంగయ్య అడిగాడు. దేవదానం తన తండ్రి పేరు చెప్పాడు. వాడ పేరు కూడా చెప్పాడు. అబద్ధం ఆడలేదు. అవ్వ బావి గట్టు మీద కూలబడింది. "నా ఇల్లు ముంచితివి గద కొడుకా. గీ నీళ్లే తాగిన, గీ నీళ్లతోనే దేవునికి దీపం వెట్టిన" అని సన్నగా ఏడ్చింది. తిట్టలేదు. ఆమె తిడితే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

రంగయ్య అప్పుడు నా వైపు తిరిగాడు.

"మనోళ్లే అని నువ్వే గద జెప్పినవ్. నీకు ఎర్కేనా?"

ఆ క్షణంలో నా తలలో ఏమేం తిరిగిందో మీకు దాచకుండా చెబుతాను. కులం నుంచి వెలివేస్తారు. ఊళ్లో మా అమ్మ, బాపు తల దించుకోవాలి. పరీక్ష పోతుంది. నన్ను కూడా కొడతారు. ఇవన్నీ నిజమే, ఇవన్నీ జరిగేవే. దేవదానం నన్ను చూస్తున్నాడు. బతిమాలే చూపు కాదది. నేనేమంటానో వినడానికి ఆగినవాడి చూపు.

"నాకు తెల్వది" అన్నాను. "నాకు గుడ గట్లనే జెప్పిండు."

దేవదానం బొక్కెన నెమ్మదిగా కింద పెట్టి అన్నాడు: "పటేల్‌కు ఎర్క లేదు. నేనే మోసం జేసిన."

గదిలో ఏడాది పాటు "నువ్వు" అన్నవాడు. ఆ ఒక్క మాటతో రెండడుగులు వెనక్కి జరిగాడు.

చేద తాడుతో కొట్టారు. అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు. కొట్టడం అయ్యాక గదిలోకి పోనివ్వలేదు. రేకు పెట్టె నేనే తెచ్చి బయట పెట్టాను. పుస్తకాలు పెట్టానో లేదో కూడా చూసుకోలేదు. పెట్టె నెత్తికెత్తుకుని గడప దాటేటప్పుడు, నా వైపు చూడకుండా, "షేర్వాణి దండెం మీద ఉన్నది" అన్నాడు. నా పాత షేర్వాణీ అతనికి నేనే ఇచ్చాను. అది తీసుకుపోలేదు.

అతను పరీక్ష రాయలేదు. సంగతి మధ్యాహ్నానికే పట్నమంతా పాకింది. ముందురోజు భుజాల మీద మోసినవాళ్లలో ఒక్కడు కూడా ఎక్కడున్నాడని అడగలేదు. నేను కూడా.

నాకు ఏం జరిగిందో వినండి. నాకు మర్యాద జరిగింది. "పాపం, పిల్లగాడు మోసపోయిండు" అని ఇరుగుపొరుగు నన్ను పిలిచి అన్నం పెట్టారు. అందరూ కలిసి బావి తోడి శుద్ధి చేయాలన్నారు. ఉన్న నీళ్లన్నీ తోడి పారబోసి, అడుగు బురద తీసి, పసుపు చల్లాలి. మగవాళ్లం వంతులవారీగా తోడాం. నేను అందరికంటే ఎక్కువ తోడాను. అరచేతులు బొబ్బలెక్కేదాకా తోడాను. నేను అంత గట్టిగా తోడుతుంటే చూసి రంగయ్య సంతోషించాడు. దేవదానం పొద్దున పోసిన నీళ్లు గాబులో నిండుగా ఉన్నాయి. ఆ గాబు బోర్లించింది కూడా నేనే.

మెట్రిక్ పాసయ్యాను. పరీక్షకు ఆ దండెం మీది షేర్వాణీయే వేసుకుపోయాను, నాదే కదా అనుకుని.

తర్వాత రాజ్యం పోయింది. నేను మాస్టర్నయ్యాను, పెద్ద మాస్టర్నయ్యాను, పెద్దమనిషినయ్యాను. అంటరానితనం తప్పని చెప్పే సభలకు నన్ను పిలవడం మొదలుపెట్టారు. అక్కడ ఈ కథే చెప్పేవాణ్ణి. ఆ రోజుల్లోనే ఒక హరిజన మిత్రుణ్ణి నా గదిలో పెట్టుకున్నానని, ఒకే కంచంలో తిన్నామని, లోకం మమ్మల్ని విడదీసిందని. రంగయ్య అడిగిన ప్రశ్న నా కథలో ఉండేది కాదు. బావి తోడడం ఉండేది గానీ, తోడింది ఎవరో ఉండేది కాదు. జనం కళ్లు తుడుచుకునేవారు. ఒక్కోసారి నేనూ తుడుచుకునేవాణ్ణి. ఆ కన్నీళ్లు దొంగవని అనలేను. అదే నాకు భయం వేస్తుంది.

ఒకసారి అచ్చంపేటలో సభ పెట్టారు. నేను మామూలుగానే చెబుతున్నాను. వెనక బల్ల మీద నెరిసిన గడ్డంతో ఒకాయన కూర్చుని ఉన్నాడు. వేళ్లు మోకాలి మీద ఆడుతున్నాయి. ఆ వేళ్లు చూసి గుర్తుపట్టాను. ఆపేయవచ్చు. దిగిపోవచ్చు. ఆపలేదు. బజారు మొగదల ఎవరో డప్పు తీసుకుని అతని చేతికిచ్చారు అన్నాను. ఆయన వేళ్లు ఆగిపోయాయి. తల ఎత్తి నన్ను చూశాడు. నేను తర్వాతి వాక్యానికి వెళ్లిపోయాను.

సభ అయ్యాక ఆయన నా దగ్గరికి వచ్చాడు. అమ్రాబాద్ దిక్కు అడవి పల్లెల్లో పిల్లలకు చదువు చెబుతున్నాడని పక్కవాళ్లు గౌరవంగా పరిచయం చేశారు. నాతో ఏమంటాడోనని భయపడ్డాను. ఆయన నా గురించి ఏమీ అడగలేదు.

"నర్సవ్వ ఉన్నదా పటేలా, పొయ్యిందా?" అన్నాడు.

పట్నం విడిచాక నేను ఆమెను ఒక్కసారి కూడా చూడలేదు. ఉన్నదో పోయిందో వాకబు చేయలేదు.

"నాకు తెల్వది" అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చాకే నాకు వినబడింది. ఆయనకూ వినబడే ఉంటుంది. తల ఊపాడు. "మంచి ముసల్ది" అని, భుజం మీది తువ్వాలు సర్దుకుని బయటికి నడిచాడు. వెనక నుంచి పిలవాలనుకున్నాను. ఏమని పిలవాలో తోచలేదు. అప్పటికే ఎవరో నా మెడలో దండ వేస్తున్నారు.

ఆయన పోయాడని తర్వాత తెలిసింది. ఇక క్షమించేవాళ్లు ఎవరూ లేరు. మీరు క్షమించనక్కర్లేదు. అందుకు రాయడం లేదు.

ఇంతసేపూ చదివి, రంగయ్య ముందు అబద్ధమాడడమే నా తప్పనుకుని ఉంటారు. నేనూ చాలాకాలం అలాగే సర్దుకున్నాను. భయంతో అన్నాను, చిన్నవాణ్ణి, ఎవరైనా అంతే అనుకోవడానికి అందులో కొంచెం చోటుంది. చోటు లేనిది ఇంకొకటి ఉంది. ఎవరో డప్పు తీసుకుని దేవదానం చేతికిచ్చారని పైన రాశాను కదా. ఈ కాగితం మీద కూడా చెయ్యి దానంతట అదే అలా రాసేసింది.

ఆ డప్పు ఇచ్చింది నేను. పెద్దాయన దించిన డప్పు తీసుకుని, జనాన్ని తోసుకుని పోయి, అందరి ముందు అతనికి అందిస్తూ, "కొట్టు దేవయ్యా, నీకు వస్తది గద" అన్నాను. వద్దని రెండుసార్లు అన్నది నాతోనే. మూడోసారి నేను గట్టిగా అరిచి జనాన్ని ఎగదోశాను. సంతోషంతో చేశానా? అందరూ సంతోషంగానే ఉన్నారు. నా కాళ్ల సందులోంచి పోయిన బంతి, ఆ నవ్వులు, భుజాల మీద అతను. అతని చేతికి డప్పు ఇస్తే ఏమవుతుందో ఆ పట్నంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలియక ఇచ్చానని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కానీ డప్పు అందుకుంటూ అతను నా ముఖంలోకి చూసినప్పుడు నేను తల తిప్పుకున్నాను. తెలియనివాడు తల ఎందుకు తిప్పుకుంటాడు?

ఆయనకు తెలుసు. అయినా మర్నాడు నన్ను కాపాడాడు. అచ్చంపేటలో నేను "ఎవరో" అన్నప్పుడు తల ఎత్తి చూశాడు, లేచి నిలబడి చెప్పలేదు.

కనుక నేనే చెబుతున్నాను. ఎవరో కాదు. నేను. ఆ మాట రాయడానికి ఇంతకాలం పట్టింది. రాశాక చెయ్యి కొంచెం తేలికగా ఉంది. అంతకు మించి ఏమీ లేదు.